నాలుగు చుట్టలు చాలు

నలభై ఒక్క శాతం. ఇందాక చూసినప్పుడూ నలభై ఒకటే. తెర మీద అంకె కదలదు, గోడ మీద ముల్లు మాత్రం ఆగదు. పదకొండూ అయిదు. పన్నెండింటికి బెంగళూరు నుంచి జ్ఞానశేఖర్ గారు ఫోను చేస్తారు, చేసి ఒక్కటే అడుగుతారు, నాలుగు చుట్టలు చాలునా అని. చాలు అంటే ఈ మధ్యాహ్నమే వాళ్ల ఫ్యాక్టరీలో బోర్డుల తయారీ మొదలైపోతుంది. చాలవు అంటే పదకొండు మందిమి పనిచేసే ఈ కంపెనీకి దొరికిన మొదటి కాంట్రాక్టు పోతుంది, రాఘవేందర్ సార్ మాట పోతుంది, ఆ తరవాత నా ఉద్యోగం సంగతి ఎవరూ అడగనక్కర్లేదు. చాలు అని రాసింది నేనే, రిపోర్టు మొదటి పేజీలో, రెండో పేరాలో, లావు అక్షరాల్లో. చాలవని తెలిసింది కూడా నాకే, నా ఒక్కదానికే, గురువారం మధ్యాహ్నం, ఇదే కుర్చీలో కూర్చుని ఉండగా. ఇవాళ సోమవారం.

ఈ గది ఒకప్పుడు వంటగది. వెస్ట్ మారేడ్‌పల్లిలో పాత బంగళా అద్దెకు తీసుకుంటే ఆఫీసు ముందు హాల్లో కుదిరింది, పెద్ద కంప్యూటర్లు మూడూ పొయ్యి గట్టు మీద కుదిరాయి, పొగ పోయే కిటికీలో ఏసీ కుదిరింది. గోడకు పాత తాలింపుల మసి ఇంకా ఉంది, ఎన్ని సున్నాలు వేసినా పైకి తేలుతుంది. ఇంటావిడ విమలమ్మ గారు వెనక భాగంలో ఉంటారు, ఆవిడ మెంతులు వేయించినప్పుడల్లా నా లెక్కలకు మెంతుల వాసన పడుతుంది, మీ మిషిన్ల వేడికి నా తొక్కు బూజు పడుతుందని ఆవిడ, మీ మెంతులకి మాకు ఆకలేస్తోందని మేము. ఇవాళ ఆవిడ కూడా ఏమీ వేయించడం లేదు. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అమ్మకి ఈ గది చూపించాలని జాయినైనప్పటి నుంచీ అనుకుంటున్నాను, పొయ్యి గట్టు మీద కంప్యూటర్లని చూస్తే పడీ పడీ నవ్వుతుంది, ఇరవై రెండేళ్లు సికింద్రాబాద్ ట్రంక్ ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చున్న మనిషి, మిషిన్లంటే ఆవిడకి గౌరవం, వాటిని వంటింట్లో పెడితే ఒప్పుకోదు.

చుట్టల సంగతి మొదట అమ్మకే చెప్పాను. అన్నం తింటూ. మీ బోర్డు మీద లైను ఖాళీ లేకపోతే టికెట్ రాసుకుని కూచోబెట్టేదానివి కదమ్మా, అర్ధగంటకో గంటకో లైను ఇచ్చేదానివి, మా స్విచ్చిలో అలా కుదరదు, అందులో వచ్చేది వెలుగు, వెలుగుని కూచోబెట్టడానికి లేదు. ఒకే దారికి రెండు వెలుగులు ఒక్కసారే వచ్చాయనుకో, ఒకటి వెళ్తుంది, రెండోది పోతుంది, పోతే పోయినట్టే. అందుకని ఆ రెండోదాన్ని పొడుగాటి గాజుతీగ చుట్టలోకి మళ్లించి ఓ చుట్టు తిప్పి తీసుకొస్తాం, అది తిరిగొచ్చేలోగా దారి ఖాళీ అవుతుంది. ఎన్ని చుట్టలుంటే ఎన్ని వెలుగులు పోకుండా ఉంటాయో లెక్క కట్టడమే నా పని. అమ్మ ముద్ద ఆపి విన్నది. "అంటే కాళ్లు ఆగని మనిషి చేత గుడి చుట్టూ ప్రదక్షిణం చేయించడమన్నమాట," అన్నది. అవునన్నాను. "ఎన్ని చుట్టలు గావాలేటి?" నాలుగు చాలన్నాను. "నాలుగేటే, మీ అమ్మమ్మకి పూటకి చాలవు," అని తన జోకుకి తనే పొలమారేలా నవ్వుకుంది. గవరమ్మ అమ్మమ్మ పార్వతీపురంలో వీధి అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగేది, చుట్ట వెలిగిన కొస నోట్లో పెట్టుకుని, బయటికి నిప్పు కనిపించకుండా, పొగ మాత్రం వచ్చేది. నోరు కాలదా అమ్మమ్మా అంటే, అలవాటైపోయిందే అనేది. నిప్పు నోట్లో పెట్టుకుని మామూలుగా కబుర్లు చెప్పడం మా ఇంటి ఆడవాళ్లకి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య కాబోలు. నాలుగు రోజులుగా నేనూ అదే చేస్తున్నాను.

యాభై మూడు శాతం.

తప్పు ఎక్కడుందో కూడా చూపించగలను, ప్రోగ్రాములో నూట పన్నెండో లైను. వచ్చే ఒక్కో వెలుగు ఎంత పొడుగుంటుంది అని ఆ లైను అడుగుతుంది, అన్నీ ఇంచుమించు ఒకే పొడుగు అని నేను జవాబిచ్చాను. పుస్తకాలు అలా ఇవ్వమనలేదు, ఇస్తే ఇవ్వవచ్చు అన్నాయి, అంతే. అయినా చెయ్యి దానంతటదే ఆ అంకె కొట్టేసింది. ఎందుకు కొట్టిందో గురువారం తెలిసింది, తెలిశాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా బుర్రలో మాట అంటే మూడు నిమిషాలు. బడి వదలగానే నేను ఇంటికి వెళ్లేదాన్ని కాదు, నాన్న రైల్వే స్టోర్సులో, ఇంట్లో ఎవరూ ఉండరు, తిన్నగా ఎక్స్ఛేంజీకి వెళ్లి ఆపరేటర్ల విశ్రాంతి గదిలో చాప మీద హోంవర్కు చేసుకునేదాన్ని. తలుపు అవతల పాతిక మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, చెవులకి హెడ్‌సెట్లు, చేతుల్లో తీగలు, విశాఖపట్నం లైన్లో ఉండండి, విజయవాడా మాట్లాడండి, ఆ గోల మధ్య ఒక్క మాట మాత్రం అందరి నోటా ఒకే రాగంలో వచ్చేది, మూడు నిమిషాలయ్యాయి పొడిగించాలా అని. సంగీతం క్లాసులో శ్రుతిలాగా అది నా వెనక మోగుతూనే ఉండేది. ఎవరు ఏం మాట్లాడినా, పెళ్లి కుదిరినా మనిషి పోయినా, మూడు నిమిషాలు. ఇంట్లో నేనూ తమ్ముడు పైడిబాబూ తగువు పడితే అమ్మ గుమ్మంలోంచి అదే రాగంలో అడిగేది, పొడిగించాలా అని, ఇద్దరం నవ్వేసేవాళ్లం, తగువు తెగిపోయేది. టికెట్లు మూడు రకాలు, ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు. లైట్నింగంటే ఏంటమ్మా అంటే మెరుపు అనేది. ఆ రోజుల్లో మెరుపు కూడా అర్ధగంట ఆగేది. ఆగేది, అదే ఇప్పుడు నాకు కావలసింది, ఆగడం తెలిసిన రోజులు, సాయంత్రం అయిదింటికి ఎక్స్ఛేంజీ మెట్లు దిగి రెజిమెంటల్ బజార్ మీదుగా నడిచి ఇంటికి పోవడం, అమ్మ చెవి దగ్గర హెడ్‌సెట్ ఒత్తుకున్న ఎర్రటి మచ్చ, నేను దాన్ని వేలితో ముట్టుకుంటే అమ్మ తల ఒంచి ముట్టుకోనివ్వడం. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

మనుషుల మాటలైతే మూడు నిమిషాలకి ఎవరో ఒకరు వచ్చి తెంపుతారు. ఇంటర్నెట్టులో తెంపేవాళ్లెవరూ లేరు. ఒక్కోటి చీమంత, ఒక్కోటి గూడ్సు బండంత. గూడ్సు బండి దారి పట్టుకుంటే చుట్ట తిరిగి వచ్చిన చిన్న వెలుగుకి ఇంకా దారి ఖాళీ ఉండదు, మళ్లీ తిరగడానికి ఇంకో చుట్ట ఉండదు, పోతుంది. పోయేవన్నీ చిన్నవే. గురువారం దాకా ఇదంతా నాకు తెలియదని కాదు, పరీక్షలో అడిగితే పది మార్కులకి రాసి ఉండేదాన్ని. బెంగళూరు వాళ్లు తమ లైను మీద నిజంగా నడిచిన ట్రాఫిక్కు వారం రోజులది రికార్డు చేసి సీడీలో పంపారు, అడక్కుండానే పంపారు, ఊరికే ముచ్చట పడి దాన్ని నా లెక్కలో పోశాను. పది లక్షల్లో ఒకటి పోతుందని రాశాను రిపోర్టులో. నూట అరవైలో ఒకటి పోయింది.

అప్పుడే లేచి ముందు గదిలోకి వెళ్లి ఉంటే పదడుగులు. వెళ్లలేదు. విత్తనం మార్చాను. లెక్కలో పాచికలు వేసేటప్పుడు ఏ అంకెతో మొదలుపెట్టాలో చెప్పాలి, దాన్ని మేము విత్తనం అంటాం. గురువారం సాయంత్రం నా పుట్టినరోజు వేశాను, శనివారం అమ్మ పుట్టినరోజు వేశాను, నిన్న ఆదివారం కూడా ఆఫీసుకి వచ్చి నాన్న సర్వీసు నంబరు వేశాను, తాయెత్తులు కట్టుకోవడం ఒక్కటే తక్కువ. నూట యాభై ఎనిమిదిలో ఒకటి, నూట అరవై మూడులో ఒకటి, నూట అరవై ఒకటి. ఇవాళ పొద్దున్న వేసింది వీరయ్య ఆటో నంబరు, స్టేషను దగ్గర ఎక్కిస్తాడు రోజూ, అతని చెయ్యి మంచిదని ఎవరో అన్నారు. ఎమ్‌టెక్ చదివాను నేను. మధ్యలో శుక్రవారం ఏం చేశానంటే, శుక్రవారం వాన పడింది. శుక్రవారం నాలుగు చుట్టలు చాలు అని కంపెనీ తరఫున ఉత్తరం ఫ్యాక్స్‌లో వెళ్లింది, రాఘవేందర్ సార్ సంతకంతో. బాగా పడింది వాన, మారేడ్‌పల్లి రోడ్డు మీద మోకాళ్ల దాకా.

తలుపు తోసుకుని ఆయనే వచ్చారు, రెండు గ్లాసులతో. ఛాయ్ ఆయనే తెస్తారు, ఎవరినీ తెమ్మనరు. సర్కారు పరిశోధనశాలలో పద్నాలుగేళ్లు పనిచేసి, భార్య వసుధ గారు వద్దంటున్నా, పెన్షను వచ్చే కొలువుకి రాజీనామా ఇచ్చి వచ్చిన మనిషి. ఆబిడ్స్‌లో కుర్చీలు పాతవి కొనుక్కొచ్చి తనే రంగు వేశారు. "ఏం దేవికా, పొద్దుగాల్ల నుంచి గీ వంటింట్లనే ఉన్నవ్. జెర ఛాయ్ తాగు," అన్నారు. తెర వైపు చూశారు, అరవై తొమ్మిది శాతం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి తెర మీదికి వెళ్లింది. "మళ్ల నడిపిస్తున్నవా? ఊకె ఎందుకు పరేషాన్ అయితవ్. లెక్క నువ్వు చేసినంక నేను చూసుడేముంది." ఊరికే సార్, ఇంకోసారి సరిచూద్దామని, అన్నాను. "చూడు చూడు. గీ ఒక్కటి అయిపోతే ఇంకో రెండు షురూ చేద్దాం. రెండూ నీకే ఇస్త." వెళ్లిపోయారు. ఇప్పుడు చెప్పి ఉండాల్సింది. గ్లాసు వేడిగా ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాను, వేడి తగ్గాక చెబుతాను అనుకున్నాను, వేడి తగ్గేసరికి మనిషి లేడు. ఆయన నన్ను నమ్మకపోతే బాగుండును. కసురుకునే పై అధికారి అయితే తప్పు ఒప్పుకోవడం ఎంత తేలిక, కసురుతాడు, పడతాం, అయిపోతుంది. ఈయన కసరడు. అదే నా మీద నాకు కోపం, ఆయన మీద కూడా కోపం.

నిన్న రాత్రి అన్నం దగ్గర అమ్మ పట్టేసుకుంది. ట్రంక్ బోర్డులు తీసేశాక ఎంక్వైరీకి మార్చారు ఆవిడని, అయినా చెవి పాతదే. "ఏటే, నీ గొంతు లైన్లో లేదేటి?" నిద్ర లేదమ్మా అన్నాను. "నిద్ర లేని గొంతు వేరు. అబద్ధం చెప్పీ గొంతు వేరు. నాకు తెలీదేటి." మజ్జిగ పోసింది, ఇంకేం అడగలేదు. లీలాకుమారి గారి కూతురిగా ఉండడంలో కష్టం ఇదే, ఆవిడ అడగదు, మనమే చెప్పేదాకా లైను పట్టుకుని కూచుంటుంది. తిరుమలగిరి జవాను లైను కూడా అలాగే పట్టుకుని కూచుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, అదే చాప మీద ఉన్నాను. తిరుమలగిరి నుంచి ఎవరో జవాను తన ఊరికి కాల్ బుక్ చేశాడు, మూడు నిమిషాలయ్యాయి, అమ్మ లైన్లోకి వెళ్లింది పొడిగించాలా అని అడగడానికి, అడగలేదు. లైన్లో ఎవరూ మాట్లాడటం లేదట. ఇటు ఒకడు, అటు ఒక ముసలావిడ, ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదట. అమ్మ తీగ లాగలేదు. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ వెనక మూడు టికెట్లు ఆగిపోయాయి, అందులో ఒకటి అర్జెంటు, ఆ మనిషి పైవాళ్లకి ఫిర్యాదు రాశాడు. సూపర్‌వైజరు కాంతమణి గారు మంచావిడ, లైను పాడైందని రాసెయ్ లీలా, నేను సంతకం చేస్తాను, అన్నది. అమ్మ ఆ రాత్రే వంటింట్లో పీట మీద కూర్చుని సంజాయిషీ రాసింది, రాసి మా అందరికీ చదివి వినిపించింది, లైను బాగానే ఉంది, విన్నాను, తెంపలేకపోయాను, ఆగినవారి నష్టం నా వల్లే. ఏడాది ఇంక్రిమెంటు ఆగింది.

ఈ కథ నేను బళ్లో ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో. ఇప్పుడు తలుచుకుంటే చిరాకేస్తోంది. అమ్మకేం, అది ఆవిడ లైను, ఆవిడ తీగ, ఆవిడ టికెట్. కాంతమణి గారు సంతకం చేస్తానన్నారు, అమ్మ చెయ్యనివ్వలేదు, కథంతా అక్కడే ఉంది, బళ్లో చెప్పుకున్నప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు. తప్పు లెక్క వెయ్యడం తప్పే కాదు, ఎవరైనా వేస్తారు, రాఘవేందర్ సార్ కూడా గురువారం చెబితే నవ్వేసి ఛాయ్ తెచ్చి ఉండేవారు. అమ్మ చెవి మచ్చ ముట్టుకున్న వయసులో ఉంటే నేను కూడా ఆ సాయంత్రమే చెప్పేసి ఉండేదాన్ని. ఎప్పుడు నేర్చుకున్నాను ఇదంతా, ఏ క్లాసులో చెప్పారు, పెద్ద జీతం మొదటి తారీఖున నేర్చుకున్నానా, నా పేరు అచ్చులో చూసుకున్న రిపోర్టు దగ్గరా. ఆ చాప మీద పిల్ల ఇప్పుడు వచ్చి ఏంటక్కా అది అని అడిగితే నేను తెర మీద చెయ్యి అడ్డం పెడతాను.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. కంప్యూటరు లోపలి పంకా ఒక్కసారి గట్టిగా తిరిగి మెల్లగా అయింది. నూట యాభై తొమ్మిదిలో ఒకటి. వీరయ్య చెయ్యి కూడా ఏమీ చెయ్యలేకపోయింది, ఏ విత్తనం వేసినా అదే పంట. నవ్వొచ్చింది, నిజంగానే నవ్వొచ్చింది, నాలుగు రోజుల్లో మొదటిసారి. ముందు గదిలో ఫోను మోగింది. నేను ధైర్యం తెచ్చుకుని లేచానని చెప్పుకోవాలని ఉంది కానీ అదేం లేదు, కాళ్లు లేచాయి, వాటి వెనక నేను వెళ్లాను.

రాఘవేందర్ సార్ స్పీకరు నొక్కి నాకు కుర్చీ జరిపారు. నేను కూర్చోలేదు. జ్ఞానశేఖర్ గారిది మదనపల్లె వైపు, తెలుగులోనే మాట్లాడతారు. "దేవిక గారు ఉండారా? ఏం లేదమ్మా, ఒక్క మాట చెప్తే ఆర్డరు ఇచ్చేస్తా ఉండాను. నాలుగు సరిపోతాయి కదా?"

"చాలవు సార్," అన్నాను. ఆ తరవాత నా గొంతు దానంతటదే నడిచింది, మీరు పంపిన ట్రాఫిక్కు పోస్తే నూట అరవైలో ఒకటి పోతోంది, పొడుగు అన్నిటికీ ఒకటే అనుకున్నాను, తప్పు నాది, పదహారు చుట్టలు వేసినా పూర్తిగా కుదరదు, దారి మళ్లించే పద్ధతే మార్చాలి. అన్నీ వరసగా వచ్చాయి, నాలుగు రోజులుగా లోపల వల్లెవేసుకున్నవే. రాఘవేందర్ సార్ వైపు చూడలేదు. ఆయన కుర్చీ మాత్రం ఒకసారి కిర్రుమంది.

"సరేమ్మా, లెక్కలన్నాక తప్పులు జరగతాయి," అన్నారు జ్ఞానశేఖర్ గారు, తాపీగానే. "ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

ఎంత పోతుంది అని అడుగుతారనుకున్నాను, ఎందుకు, ఎలా సరిచేస్తారు, ఎన్ని రోజులు పడుతుంది, అన్నిటికీ ఉంది జవాబు. ఎప్పుడు అని అడుగుతారని అనుకోలేదు. ఇవాళ పొద్దున్న అని అనవచ్చు, ఇందాకే కదా లెక్క పూర్తయింది, సగం నిజమే.

"గురువారం," అన్నాను.

అటు నుంచి కాగితం తిప్పిన చప్పుడు. "శుక్రవారం మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందే నాకు. రాఘవేందర్ గారూ, మీకెప్పుడు తెలిసింది?"

ఆయన ఫోను మీదికి వంగారు. "నాకు సుత గురువారమే తెల్సింది సార్. మంచిగైతదేమో అని పంపిన. పంపుడు నాదే తప్పు."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే అరచెయ్యి పైకెత్తారు, ఆగమన్నట్టు. నేను ఆగాను. ఒక్క మాట చాలు, ఆయనకి తెలియదండీ అంటే చాలు, నేను అనలేదు. బోర్డులు ఆపిస్తానన్నారు జ్ఞానశేఖర్ గారు, మిగతా సంగతి పైవాళ్లతో మాట్లాడి చెప్తానన్నారు, మీ మీద ఇట్లా అనుకోలేదండీ రాఘవేందర్ గారూ అని కూడా అన్నారు, పెట్టేశారు.

సార్ స్పీకరు బొత్తాం ఆపారు. హాల్లో ఎవరో కీబోర్డు కొడుతున్నారు. టేబుల్ మీద కాగితాలు సర్దుకుంటూ, మామూలు గొంతుతోనే అడిగారు.

"శుక్రవారం సంతకం పెడదామంటే నా పెన్ను రాస్తలేకుండె. నీ పెన్ను ఇచ్చినవ్ గద?"

"ఇచ్చాను సార్," అన్నాను.